రక్తం పట్టడం అంటే ఏమిటి?

తెలుగులో మనం నిద్ర చెయ్యం, నిద్ర పడుతుంది. చెమట చెయ్యం, చెమట పడుతుంది. రక్తం కూడా అంతే, పడుతుంది. "దానిమ్మ తిను, రక్తం పడుతుంది" అన్న మాట ఇంట్లో ఎవరి నోటా వినని అమ్మాయి మన కాలేజీలో ఉండదనుకుంటాను. ఈ వాక్యాల్లో కర్త మనం కాదు. పని మన ఒంట్లోనే జరుగుతుంది కానీ మనం చేస్తే జరిగేది కాదు. గాయం మానుతుంది, ఎముక అతుక్కుంటుంది, మనిషి కోలుకుంటుంది, తేరుకుంటుంది. అతుక్కోవడం, కోలుకోవడం, తేరుకోవడం: వీటన్నిటి చివర ఉన్నది, చేసిన పని చేసినవాళ్ళకే చెందుతుందని వ్యాకరణం క్లాసులో చెప్పుకున్న 'కొను'. మా ఇల్లు రెండు భాషల ఇల్లు. అమ్మవాళ్ళది పలమనేరు, నాన్నవాళ్ళది ఇక్కడే హూడి. జ్వరం తగ్గి లేచిన రోజు నాన్నమ్మ, అంటే మా అజ్జి, "సుధారిస్కో" అంటుంది. కన్నడంలోనూ చివర అదే 'కొళ్ళు'. జబ్బుపడి లేచినవాళ్ళను చూసి చూసి రెండు భాషలూ ఒకే మాటకు వచ్చినట్టున్నాయి.

నేను ఆర్ట్స్ అమ్మాయిని, బయాలజీ పదో తరగతితో సరి. అయినా ఈ 'రక్తం పట్టడం' సంగతి చదవాలనిపించింది పోయిన సెమిస్టర్ రక్తదాన శిబిరం వల్ల. మీలో చాలామంది వచ్చారు కదా. టేబుల్ మీద ఒక చిన్న గాజు పాత్రలో నీలంగా ఉన్నది మైలతుత్తం నీళ్ళు, అంటే కాపర్ సల్ఫేట్ ద్రావణం. వేలు గుచ్చి ఒక చుక్క అందులో వేస్తారు. చుక్క 15 సెకన్లలోపు మునిగితే రక్తం ఇవ్వొచ్చు. తేలితే ఇంటికి వెళ్ళొచ్చు. ఆ ద్రావణం సాంద్రత 1.053 ఉండేలా కలుపుతారు. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు ఉన్న రక్తం బరువు దాదాపు అంతే. అంతకంటే పలచన రక్తం తేలిపోతుంది. మన దేశంలో రక్తం ఇవ్వడానికి 12.5 ఉండాలి, 18 ఏళ్ళు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి. మా క్లాసు నుంచి వెళ్ళినవాళ్ళలో సగానికి పైగా చుక్కలు తేలి నవ్వుకుంటూ తిరిగొచ్చేశారు. నాకది నవ్వులాట అనిపించలేదు. తేలిన ప్రతి చుక్కా రక్తహీనతకు గుర్తు అనుకోనక్కర్లేదు లెండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గర్భిణి కాని స్త్రీకి 12 కంటే తగ్గితేనే రక్తహీనత. 12కీ 12.5కీ మధ్య ఉన్నవాళ్ళ చుక్కలు కూడా తేలుతాయి. కానీ 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన తరగతి గదులు ఆ లెక్కకు బయట లేవు.

మరి రక్తం తనంతట తను పట్టేదైతే, ఇంతమందికి ఎందుకు పట్టడం లేదు?

ముందు అది ఎలా పడుతుందో చూద్దాం. ఒక ఎర్రకణం బతికేది సుమారు 120 రోజులు. అంటే దసరాకు మన ఒంట్లో ఉన్న ఎర్రకణాల్లో ఉగాదికి ఒక్కటీ మిగలదు, అన్నీ కొత్తవే. వాటిని చేసేది మూలుగ. పుస్తకాల్లో ఎముక మజ్జ అంటారు. సెకనుకు ఇరవై లక్షల పైచిలుకు కణాలు తయారవుతాయి. ఈ వాక్యం చదవడానికి మీకు పట్టిన టైంలో కోటి దాకా పుట్టి ఉంటాయి. ఎన్ని చేయాలో మూలుగకు చెప్పేది ఎవరు? మెదడేమో అనుకున్నాను, కాదు. మూత్రపిండాలు. తమలోంచి పారే రక్తంలో ఆక్సిజన్ తగ్గినట్టు తెలియగానే అవి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ వదులుతాయి. అది మూలుగకు చేరి, పని పెంచమని చెబుతుంది. ఆక్సిజన్ సరిపోగానే హార్మోన్ తగ్గుతుంది, పని నెమ్మదిస్తుంది. లేహ్ లాంటి ఎత్తైన ఊరికి వెళ్ళి కొన్ని వారాలు ఉన్నవాళ్ళకు రక్తం చిక్కబడేది అందుకే. కణాలు ఆక్సిజన్ లోటును ఎలా పసిగడతాయో కనిపెట్టిన ముగ్గురికి 2019లో వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

నాకు ఇంకా నచ్చింది ఇనుము లెక్క. చనిపోయిన ఎర్రకణాలను ప్లీహంలోనూ కాలేయంలోనూ ఉండే ప్రత్యేక కణాలు మింగి, అందులోని ఇనుమును తీసి మళ్ళీ మూలుగకు పంపుతాయి. ఇలా రోజుకు 20 మిల్లీగ్రాములకు పైగా పాత ఇనుమే తిరిగి వాడకంలోకి వస్తుంది. తిండి నుంచి కొత్తగా తీసుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. పాత చీర చింపి బొంత కుట్టే మా అవ్వ కూడా ఇంత పొదుపు చేయదు. (మా వైపు అమ్మమ్మను అవ్వ అంటాం.)

ఇంత పొదుపు ఇంట్లో లోటు ఎక్కడొస్తుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. నెలసరిలో పోయే రక్తం మామూలుగా 30, 40 మిల్లీలీటర్లు. దాంతో పోయే ఇనుము సుమారు 15 మిల్లీగ్రాములు. ఎక్కువ పోయేవాళ్ళకు దానికి రెట్టింపు. రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు లోపలికి రావడమే గొప్ప అయినప్పుడు, ఆ ఖర్చును నెల పొడుగునా కూడబెట్టి తీర్చాలి. రక్తదానానికి మగవాళ్ళకు 90 రోజుల ఎడం చాలు, ఆడవాళ్ళకు 120 రోజులు ఉండాలని పెట్టిన నియమం వెనక ఉన్నది ఈ లెక్కే. కాబట్టి మూలుగ పని మానేసిందని కాదు. దాని చేతికి సరుకు అందడం లేదు.

సరుకు అంటే ఇనుము ఒక్కటే కాదు. ఈ సంగతి బయటపడింది ఒక మిల్లు ఊళ్ళో. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలకు కడుపుతో ఉన్నప్పుడు రక్తం దారుణంగా తగ్గిపోయేది. సూక్ష్మదర్శినిలో చూస్తే వాళ్ళ ఎర్రకణాలు తక్కువగా ఉన్నాయి, కానీ ఉన్నవి పెద్దవి. ఇనుము తక్కువైతే కణం చిన్నదవుతుంది, ఇక్కడ తిరగబడింది. వాళ్ళు ఏం తింటున్నారో విల్స్ పట్టించుకుంది. ఎలుకల మీద, కోతుల మీద ప్రయత్నించి చివరికి మార్మైట్ అనే చవక పదార్థంతో ఆ స్త్రీలకు రక్తం పట్టేలా చేసింది. అది బీరు తయారీలో మిగిలిపోయే ఈస్టు నుంచి తీసిన నల్లటి పేస్టు. 1931లో ఈ ఫలితాలు ప్రచురించింది. అందులో పనిచేసిన వస్తువు ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. పదేళ్ళకు, 1941లో, అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరను పిండి ఒక ఆమ్లాన్ని కొద్దిగా బయటికి తీశారు. ఆకులో దొరికింది కాబట్టి, ఆకును లాటిన్‌లో ఫోలియం అంటారు కాబట్టి, దానికి ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు. మా హూడిలో పొద్దున్నే ఆకుకూరలు తెచ్చే ఆమె "సొప్పు, సొప్పు" అని కేకేస్తూ పోతుంది. తోటకూర ఆమెకు దంటు సొప్పు, మునగాకు నుగ్గె సొప్పు. ఆ లెక్కన ఫోలిక్ ఆసిడ్‌ని సొప్పు ఆమ్లం అనొచ్చు.

నాలుగు టన్నుల పాలకూరతో దేశాలకు మందు చేయలేరు కదా. దాన్ని పరిశోధనశాలలో తయారు చేసే దారి 1945లో దొరికింది, అమెరికాలోని లెడర్లీ కంపెనీలో. అక్కడి పరిశోధనలకు పెద్ద మన భీమవరం మనిషి, యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని సర్జరీ క్లాసుకు వెళ్ళాడట. ఆ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత కొన్నాళ్ళు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం చెప్పాడు. ఆయన అన్న స్ప్రూ అనే జబ్బుతో చనిపోయాడు. స్ప్రూ అంటే పేగు తిన్నదాన్ని పీల్చుకోలేకపోవడం. మనిషి తింటూనే ఉంటాడు, విరేచనాలతో క్షీణిస్తూ ఉంటాడు, రక్తం పట్టదు. పట్టకపోవడానికి ఒక ముఖ్య కారణం పేగు ఫోలిక్ ఆసిడ్‌ను తీసుకోలేకపోవడమే అని అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. 1945 తర్వాత స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆసిడ్ ఇచ్చి చూస్తే మూలుగ కొద్ది రోజుల్లోనే మళ్ళీ పని అందుకుంది. అన్న పోయిన జబ్బుకు పనికొచ్చే మందు తమ్ముడి బృందం చేతుల మీదుగా వచ్చింది, పాతికేళ్ళు ఆలస్యంగా. ఈ వాక్యం రాయడానికి నాకు కొంచెం టైం పట్టింది.

ఆయన భార్యను ఇంట వదిలి బోస్టన్ వెళ్ళాడు, మళ్ళీ తిరిగి రాలేదు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో, ఏ.టి.పి. గురించి 1929లో చెప్పాడు. పేర్లు భయపెడతాయి కానీ విషయం మనకు రోజూ అనుభవమే. హూడి మెట్రో స్టేషన్‌లో రైలు వచ్చేస్తోందని మెట్లు ఒక్క పరుగున ఎక్కుతాం. పైకి చేరేసరికి కాళ్ళు ఇక రావు. ఒక నిమిషం నిలబడితే మళ్ళీ వస్తాయి. ఆ మొదటి కొన్ని సెకన్లకు కావాల్సిన శక్తిని వెంటనే అందించే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్. ఆ నిమిషంలో మనం 'తేరుకోవడం' అంటున్నది ఆ నిల్వ మళ్ళీ నిండడమే.

ఇక్కడిదాకా కథ సాఫీగా ఉంది. ఒంటికి తెలుసు, సరుకు ఇస్తే చాలు అన్నట్టు. ప్రకృతి వైద్యం పుస్తకాల్లో నేను చదివిందీ దాదాపు ఇదే. కానీ సుబ్బారావు బృందం చేసిన తర్వాతి పని ఈ మాటను అంత సులువుగా వదలదు.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ ఉన్న చిన్నపిల్లలను చూసేవాడు. అప్పట్లో ఆ జబ్బు వచ్చిన పిల్లలు కొన్ని వారాల్లో, నెలల్లో పోయేవాళ్ళు. ఫోలిక్ ఆసిడ్ రక్తాన్ని బాగుచేస్తోంది కదా అని ఆ జాతి పదార్థాలను వాళ్ళకు ఇచ్చి చూశాడు. క్యాన్సర్ ఇంకా వేగంగా పెరుగుతున్నట్టు కనిపించింది. కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ ఆసిడ్ కావాలి. మంచి కణమా చెడ్డ కణమా అని అది అడగదు. అయితే దాన్ని ఆపితే? ఫోలిక్ ఆసిడ్‌లాగే కనిపిస్తూ, దాని చోటులో కూర్చుని పని జరగనివ్వని మందులను లెడర్లీలో తయారు చేశారు. అందులో ఒకటి అమినోప్టెరిన్. ఫార్బర్ దాన్ని 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. తగ్గడం తాత్కాలికమే, జబ్బు మళ్ళీ వచ్చింది. కానీ మందుతో రక్త క్యాన్సర్ వెనకడుగు వేయగలదని తేలింది అక్కడే. ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో గుండె ఆగి చనిపోయాడు. 53 ఏళ్ళు.

అమినోప్టెరిన్‌కు చెల్లెలు లాంటి మందు అదే చోట తయారైంది. దాని పేరు మెథోట్రెక్సేట్. అది మా ఇంట్లో ఫ్రిజ్ పైన డబ్బాలో ఉంటుంది.

అవ్వకు ఆరేళ్ళుగా కీళ్ళవాతం, డాక్టర్లు రుమటాయిడ్ అంటారు. సైన్యం పొరపాటున సొంత ఊరి మీద పడ్డట్టు, సూక్ష్మజీవుల మీద పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ కీళ్ళ మీద పడుతుంది. దెబ్బ తగలకపోయినా వాపు, ఎర్రదనం, వేడి. గాయం మానేటప్పుడు ఒళ్ళు చేసే పనులే ఇవన్నీ, గాయం లేని చోట చేస్తోంది అంతే. మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్క రోజు చిన్న మోతాదులో ఇస్తే ఆ పోరాటం తగ్గుతుంది. వేరే రోజు ఫోలిక్ ఆసిడ్ మాత్ర ఇస్తారు, నోటిపూత లాంటి ఇబ్బందులు రాకుండా. మా ఇంట్లో సోమవారం ఒక మాత్ర, గురువారం ఇంకొకటి. రెండూ ఒకే పరిశోధనశాల నుంచి వచ్చినవని ఈ వ్యాసం కోసం చదివినప్పుడే తెలిసింది. అవ్వకు చెబితే "భీమవరపాయనా!" అని ఆశ్చర్యపడింది.

రెండేళ్ళ కిందట ఒక బంధువు వచ్చి, "మందులు మింగే కొద్దీ ఒళ్ళు సొంత బలం మర్చిపోతుంది పెద్దమ్మా, ఆపెయ్, ఒళ్ళే బాగుచేసుకుంటాది" అని నమ్మకంగా చెప్పి వెళ్ళాడు. అవ్వ ఆపేసింది, ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలకు వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. గరిటె పట్టుకోలేదు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేదు. పొద్దున లేచాక గంటన్నర దాకా మంచం అంచున కూర్చునే ఉండేది. రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2. అమ్మ వెంటనే ఇనుము టానిక్ కొనుక్కొచ్చింది. డాక్టరమ్మ చూసి, ఒంట్లో ఇనుము నిల్వ ఉంది, ఇది ఇనుము లేక వచ్చింది కాదు అన్నారు.

ఉంటే మరి రక్తం ఎందుకు పట్టలేదు? నేను చదివినవాటిలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ చేస్తుంది. 2000 ప్రాంతంలో కనిపెట్టారు. పేగులోంచి ఎంత ఇనుము లోపలికి రావాలి, నిల్వలోంచి ఎంత బయటికి పోవాలి అనే తలుపు దాని చేతిలో ఉంటుంది. ఒంట్లో సూక్ష్మజీవులు చేరితే వాటికీ ఇనుము కావాలి. అందుకే వాపు, జ్వరం ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ పెంచి తలుపు మూస్తుంది. దొంగలు తిరుగుతున్నారని గాదెకు తాళం వేసినట్టు. నాలుగు రోజుల జ్వరానికి ఇది చాలా తెలివైన పని. కానీ అవ్వ వాపు నాలుగు రోజులది కాదు. తాళం నెలల తరబడి పడే ఉంది, మూలుగ ఖాళీ చేతులతో కూర్చుంది. తనను కాపాడుకోవడానికి ఒళ్ళు చేసే పనే తనకు రక్తం పట్టకుండా చేసింది. మళ్ళీ మెథోట్రెక్సేట్ మొదలుపెట్టాక మూడు నెలలకు వాపు తగ్గింది, టానిక్ లేకుండానే హిమోగ్లోబిన్ 11 దాటింది. అంటే కోలుకున్నది ఒళ్ళే, తాళం తీసింది మాత్రం మందు. ఆ బంధువు చెప్పినదాంట్లో సగం నిజముంది. ఆ సగం నిజమే మనుషుల్ని నమ్మిస్తుంది.

ఈ మందు ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి. కీళ్ళవాతానికి అది వారానికి ఒక్కసారి వేసుకునేది. రోజూ మింగితే మూలుగ పని ఆగి ప్రాణం మీదికి వస్తుంది. డబ్బా మీద వారం పేరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, అవ్వ డబ్బా మీద నేను తెలుగులో ఒకవైపు, కన్నడలో ఒకవైపు రాశాను.

మన సంగతికి వద్దాం. దానిమ్మలో, బీట్‌రూట్‌లో ఇనుము చాలా తక్కువ. రంగు చూసి మన పెద్దవాళ్ళు మోసపోయారు. బీట్‌రూట్‌లో ఫోలేట్ మాత్రం బాగానే ఉంది కాబట్టి అమ్మ పూర్తిగా ఓడిపోలేదు. ఆకుకూరలు రెండిటికీ మంచివే, కానీ ఉడకబెట్టి నీళ్ళు వంపేస్తే ఫోలేట్ ఆ నీళ్ళతో పోతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి అందడం తగ్గుతుంది. నిమ్మకాయ పిండుకుంటే పెరుగుతుంది. ఇనుము మాత్ర వేసుకున్నాక సుమారు ఒక రోజు హెప్సిడిన్ పెరిగి తలుపు సగం మూసుకుంటుంది కాబట్టి, రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఇనుము అందుతుందని పరిశోధనల్లో తేలింది. ఎలా వేసుకోవాలో డాక్టరును అడగండి. హిమోగ్లోబిన్ సరైపోగానే మాత్రలు ఆపకూడదు, నిల్వ నిండడానికి ఇంకో మూడు నెలలు పడుతుంది.

పూర్తి శాకాహారులకు ఇంకొక జాగ్రత్త. బి12 మొక్కల్లో దొరకదు, పాలు పెరుగులో కొంత ఉంటుంది. బి12 తక్కువైనా ఎర్రకణాలు పెద్దవే అవుతాయి. అప్పుడు ఉత్త ఫోలిక్ ఆసిడ్ మింగితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూ పోతాయి. అందుకని మందుల షాపులో అడిగి ఏదో ఒక 'రక్తం మాత్ర' కొనేముందు ఒక సి.బి.సి. పరీక్ష చేయించుకోండి, చిన్న ల్యాబుల్లోనూ చేస్తారు. రిపోర్టులో హిమోగ్లోబిన్ కింద ఎం.సి.వి. అని ఒక అంకె ఉంటుంది, ఎర్రకణం సైజు అది. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉంటుంది. 80 కంటే తక్కువైతే ఎక్కువగా ఇనుము లోటు, కొందరిలో పుట్టుకతో వచ్చే తలసీమియా లక్షణం. 100 దాటితే ఫోలిక్ ఆసిడ్ గురించి, బి12 గురించి డాక్టరును అడగాలి.